నోరు తగలని నీళ్ళు

నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు నన్ను ఉంచింది మా ఇంట్లో వక్కలు నిల్వ చేసే గదిలో. అది వంటింటికి వెనక ఉంటుంది. పైన రేకులు, లోపల ఒక మడత మంచం, గోడకి ఒక్కటే ఊచల కిటికీ. ఆ కిటికీకి సరిగ్గా ఎదురుగా వంటింటి వసారా, వసారాలో మూత పెట్టిన మంచినీళ్ళ స్టీలు డ్రమ్ము. ఐదు వారాల పాటు ఆ డ్రమ్మునీ, దాని దగ్గరికి వచ్చిపోయే చేతుల్నీ చూస్తూ గడిపాను. బయట గడియ పెట్టమని అమ్మకి చెప్పింది నేనే. ఎందుకో మాత్రం అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

ముందు మా ఇంటి నీళ్ళ సంగతి చెప్పాలి. పోర్ట్ బ్లెయిర్ దగ్గరి తుష్నాబాద్‌లో మా వైపు కుళాయి మూడు రోజులకోసారి వచ్చేది, అదీ గంటసేపు. వాడకానికి నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, తాగడానికి ఈ స్టీలు డ్రమ్ము నింపుకునేవాళ్ళం. మూత మీద ఒకే ఒక్క గ్లాసు బోర్లించి ఉండేది. దాహమైతే మూత తీసి, గ్లాసు ముంచి, తల పైకెత్తి గొంతులోకి ధారగా పోసుకోవాలి. గ్లాసు అంచుకి పెదవి తగిలితే ఎంగిలి. ఎంగిలంటే మా అమ్మకి ప్రాణం మీదికొచ్చినంత పని. నా ఏడేళ్ళప్పుడు ఎక్కిళ్ళొచ్చి పెదవి తగిలితే గరిటెతో మోచేతి మీద ఒక్కటిచ్చి, ఆ గ్లాసుని రెండుసార్లు బూడిదతో తోమింది. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం ఎవరికి వాళ్ళకి బుల్లి గ్లాసుల్లో ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఊరందరికంటే ఎక్కువ సంతోషించింది కూడా ఆవిడే.

అంత శుభ్రం మాది. ఇంకోటి కూడా చెప్పుకోవాలి. దొడ్డికి వెళ్ళొచ్చి కాళ్ళు కడుక్కోకుండా గడప దాటితే అమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచేది. మడమలు, వేళ్ళ సందులు అన్నీ కడగాలి. చేతులకి మాత్రం అంత పట్టింపు లేదు. కాళ్ళ మీద పోసుకునే నీళ్ళలో చేతులూ తడిసేవి, అదే కడుక్కోవడం. ఆ చేత్తోనే గ్లాసు పట్టుకుని నాలుగు వేళ్ళూ మునిగేలా డ్రమ్ములో ముంచేవాళ్ళం. నోరు తగలలేదు కాబట్టి నీళ్ళకి ఏ దోషమూ లేదు. ఇరవై ఆరేళ్ళొచ్చినా నాకు ఇందులో తప్పు కనబడలేదు. పైగా నేను డిగ్రీ చదివాను.

మా అన్నయ్య దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజన్ రూములో పని చేస్తాడు. నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అతనికి పలాస దగ్గరి పల్లె నుంచి అమ్మాయిని చేసుకున్నాం. వచ్చిన వారం తిరక్కుండానే వదిన తను తాగే నీళ్ళు వేరుగా కాచుకోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే గిన్నెడు నీళ్ళు మరగబెట్టి, రెండు స్టీలు సీసాల్లో పోసి తన గదిలో పెట్టుకునేది. ఎందుకని అమ్మ అడిగితే "అలవాటైపోనాది అత్తా" అని తల దించుకుంది.

అమ్మకి అది చెంపదెబ్బ. "మేం తాగేది గందా పానీయా, మురికినీళ్ళా ఏంటి? నలభై ఏళ్ళ నుంచి తాగుతున్నాం, ఎవడు చచ్చాడు? గ్యాస్ ఏమైనా ముఫ్త్‌లో వస్తోందా?" అని వదిన వినేలా గోడలతో చెప్పేది. నాన్న జెట్టీలో పని చేసి రిటైరైన మనిషి. గొడవలంటే పడదు. "ఛోడో నా" అని టీవీ చప్పుడు పెంచేవాడు. నాకూ కోపంగానే ఉండేది. సముద్రం దాటి వచ్చిన పిల్ల మమ్మల్ని మురికివాళ్ళ కింద జమకట్టిందని మండిపోయేదాన్ని. వెనకాల ఆమెని రాణీగారు అనేదాన్ని. మొహం మీద కూడా ఒకట్రెండుసార్లు అన్నాను.

ఆమెకి ఏడో నెల వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లోనే అని టిక్కెట్టు తీశారు గానీ వాతావరణం బాగాలేక వైజాగ్ ఓడ రద్దయింది. తర్వాతి ఓడ నాటికి ప్రయాణం వద్దని డాక్టరు చెప్పేశారు. దాంతో ఆమె మా దగ్గరే ఉండిపోయింది. కాళ్ళు వాచాయి, నడుము పట్టేసింది. ఒక రాత్రి భోజనాలయ్యాక నన్ను పిలిచింది.

"పాపా, పొద్దున్నే నీళ్ళు కాచి మూతెట్టి ఉంచుతాను. గిన్నె ఎత్తి ఒంపలేకపోతన్నాను. బస్సుకెళ్ళే ముందు సీసాలు రెండూ నింపి నా గదిలో పెట్టీవా?"

"ఠీక్ హై, పెట్టేస్తాలే" అన్నాను.

పోర్ట్ బ్లెయిర్‌లో నా ఉద్యోగం, ఆరున్నరకి బస్సు. అది తప్పితే ఆఫీసుకి గంట ఆలస్యం. వేడి గిన్నె దించి, గుడ్డ పట్టి, సన్నటి మూతిలోకి ఒలక్కుండా పోసే ఓపిక ఎవరికుంది? కాచిన నీళ్ళని వాడుక బకెట్లోకి ఒంపేశాను. డ్రమ్ము మూత తీసి, సీసాల్ని మూతులు మునిగేదాకా ముంచాను. బుడబుడమని నిమిషంలో నిండాయి. తుడిచి ఆమె గదిలో పెట్టి బస్సెక్కాను. ఓపిక లేక చేశానంటే సగం అబద్ధం. రాణీగారికి ఏమవుతుందో చూద్దామని కూడా అనుకున్నాను. సాయంత్రం వచ్చి చూస్తే సీసాలు ఖాళీగా ఉన్నాయి, ఆమె నిక్షేపంగా ఉంది. మర్నాడూ అదే పని చేశాను. ఆ వారమంతా చేశాను. లోపల్లోపల భలే సరదాగా ఉండేది.

ఆ పై వారం నాకు జ్వరం వచ్చింది. అన్నం వాసనకే వాంతి. నాలుగో రోజు అద్దంలో చూసుకుంటే కళ్ళు పసుపు ముద్దలు. నాన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. బయట ఎక్కడెక్కడ తిన్నానో డాక్టరు ఆరా తీశారు. బస్టాండు దగ్గర పానీపూరీ రోజూ తినేదాన్నని చెప్పాను. ఆ బండివాడు మోచేతి దాకా చెయ్యి కుండలో ముంచి ఇస్తాడు గానీ దొన్నె ఎవరిది వాళ్ళదే కదా, ఎంగిలి కాదని నా ధీమా. ఆ మాటే డాక్టరుతో అన్నాను. ఇంట్లో కూడా నోరు తగలకుండానే తాగుతామన్నాను. ఆయన నవ్వలేదు.

జబ్బు ఉన్నవాళ్ళ మలంలోంచి క్రిమి చేతులకి అంటుతుందనీ, చేతుల మీంచి నీళ్ళలోకి, నీళ్ళలోంచి ఇంకొకరి కడుపులోకి పోతుందనీ హిందీలో ఓపిగ్గా చెప్పారు. కళ్ళు పచ్చబడకముందే, మనకి ఒంట్లో బాగానే ఉందనుకునే రోజుల్లోనే అది బయటికొస్తూ ఉంటుందట. ఆ తర్వాత కాగితం మీంచి తలెత్తి అడిగారు.

"ఘర్ మే కోయీ ప్రెగ్నెంట్ హై క్యా?"

ఉందని నాన్న చెప్పాడు. డాక్టరు కలం పక్కన పెట్టారు. మామూలువాళ్ళకి ఈ జబ్బు విశ్రాంతితో తగ్గిపోతుంది గానీ, నెలలు నిండుతున్నవాళ్ళకి తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం కావచ్చన్నారు. నేను ముట్టుకున్న నీళ్ళు ఆమె తాగి ఉంటే ఇవాళే తీసుకురమ్మన్నారు. వెంటనే కనబడకపోయినా రెండు నెలల లోపు ఎప్పుడైనా బయటపడొచ్చన్నారు.

"మా కోడలు కాచిన నీళ్ళే తాగుతుంది సర్, బిల్కుల్ అలగ్. ఆమెకేం ఢోకా లేదు" అన్నాడు నాన్న. కోడలి గురించి ఆయన అంత గర్వంగా మాట్లాడగా వినడం అదే మొదటిసారి.

సీసాల సంగతి దాచేశాను. భయమో, సిగ్గో, రెండూనో. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ సాయంత్రమే ఆమెకి రక్తపరీక్ష జరిగేది. చెప్పకుండా ఇంటికొచ్చి, వక్కల గదిలోకి వెళ్ళి, గడియ పెట్టమన్నాను. అన్నయ్య కట్టిస్తూ సగంలో ఆపేసిన బాత్‌రూము ఆ గదికి ఆనుకుని ఉంది. దానికి టార్పాలిన్ కట్టి, బ్లీచింగ్ పొడి డబ్బా ఒకటి పెట్టి, నా ఒక్కదానికే ఇచ్చేశారు.

ఆ గదిలో నాకు పనేముంది? రేకుల మీద వాన పడుతుంటే వినడం, డ్రమ్ముని చూడటం. అమ్మ దొడ్లోంచి వచ్చేది, కాళ్ళు శుభ్రంగా కడుక్కునేది, తిన్నగా వసారాలోకి వచ్చి గ్లాసు ముంచేది. నాన్న చుట్ట పారేసి వచ్చి ముంచేవాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పనే. ఇప్పుడు మాత్రం ఆ నాలుగు వేళ్ళే కనబడేవి. "అమ్మా, ఆ నీళ్ళు పారబొయ్యి, డ్రమ్ము కడుగు" అని కిటికీలోంచి అరిచేదాన్ని. "రెండ్రోజుల దాకా కుళాయి లేదు, ఏం పారబొయ్యమంటావే? ఎవరి నోరు తగిలింది?" అని అమ్మ అరిచేది.

రోజూ పొద్దున్నే వదిన కిటికీకి నాలుగడుగుల దూరంలో నిలబడి "ఎలాగుంది పాపా?" అని అడిగేది. నేను జవాబు చెప్పకుండా ఆమె కంటి తెల్లగుడ్ల వైపే చూసేదాన్ని. ఎండ ఉన్న రోజు తెల్లగా కనబడేవి. మబ్బు పట్టిన రోజు పచ్చగా అనిపించేవి. "అలా గుడ్లప్పగించి సూస్తావేటి?" అని నవ్వేది. ఆమె వెళ్ళాక ఫోన్లో మెసేజ్ కొట్టేదాన్ని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. వదినా నేను ఒక పని చేశాను అని మొదలుపెట్టి, చెరిపేసేదాన్ని. అన్నయ్య సిగ్నల్ దొరికినప్పుడు ఫోన్ చేసి "నువ్వున్నావన్న ధైర్యంతోనే ఇక్కడున్నానే, మీ వదిన్ని చూసుకో" అన్నాడు.

రెండో వారంలో చర్చి నుంచి ప్రార్థన చేసే అమ్మలు ఏడుగురు వచ్చారు. కిటికీ బయట గొడుగులు పట్టుకుని నిలబడి నా కోసం పాట పాడారు, కన్నీళ్ళతో ప్రార్థించారు. మంచి మనుషులు, నాకూ ఏడుపొచ్చింది. ఆమెన్ అన్నాక గొంతులెండిపోయి అందరూ వసారాలోకి వెళ్ళారు. ఒకరి తర్వాత ఒకరు గ్లాసు ముంచి ఎత్తి పోసుకోవడం మొదలుపెట్టారు. "తాగొద్దు! ఆంటీ, మత్ పీనా, ఆ నీళ్ళు తాగొద్దు!" అని ఊచలు పట్టుకుని కేకలు పెట్టాను. వాళ్ళు గ్లాసు కింద పెట్టి నావైపు జాలిగా చూశారు. జ్వరం తలకెక్కిందని ఒకావిడ అంది. అందరూ వెనక్కి వచ్చి ఇంకో పావుగంట ప్రార్థన చేసి, మిగిలినవాళ్ళు నీళ్ళు తాగి వెళ్ళారు.

ఆ సాయంత్రం అమ్మ పళ్ళెం తీసుకెళ్ళడానికి వస్తే, సీసాల సంగతి చెప్పేశాను. ఆవిడ పళ్ళెం కింద పెట్టింది. వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. మీ అన్నయ్యకి తెలిస్తే ఈ ఇంట్లో అడుగు పెట్టడు. ఖబడ్దార్. నేను ఉపవాసముండి ప్రార్థన చేస్తాను."

"ప్రార్థన చెయ్యి. కానీ రక్తం పరీక్ష చేయించాలమ్మా."

"ఎందుకు చేయిస్తున్నామని అడిగితే ఏం చెప్తావ్?"

వదినకి తప్ప అందరికీ తెలిసేలా ఉంది మా పరిస్థితి, తెలియాల్సింది ఆమెకే. తెల్లారి లేచి చూస్తే డ్రమ్ము వసారాలో బోర్లించి ఉంది. అమ్మ కూర్చుని లోపల బ్లీచింగ్ వేసి తోముతోంది. పొయ్యి మీద మా ఇంట్లో ఉన్న అతి పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. కుళాయి గట్టు మీద కొత్త సబ్బు. నలభై ఏళ్ళ మాట ఒక్క రాత్రిలో పోయింది. గ్యాస్ గురించి మళ్ళీ ఎత్తలేదు. వదిన ఆశ్చర్యపోయి చూస్తుంటే మొహం తిప్పుకుంది.

నాలుగో వారంలో నాన్న కళ్ళు పచ్చబడ్డాయి. ఆయనకో మంచం తెచ్చి నా గదిలోనే వేశారు. "నేను జన్మలో గ్లాసుకి పెదవి ఆనించలేదు" అని ఆయన ఒకే మాట పదిసార్లు అన్నాడు, మోసపోయినవాడిలా. అప్పటిదాకా ఏ మూలో ఆశ ఉండేది, ఆ నీళ్ళలో నా రోగం లేదేమోనని. ఇప్పుడు ఆ ఆశ కూడా పోయింది. నాన్న తాగిన నీళ్ళే ఆమె సీసాల్లోనూ ఉన్నాయి.

మూడు రోజులకి, పొద్దున్న తొమ్మిదింటి వేళ, వసారాలో వదిన వాంతి చేసుకుంటున్న చప్పుడు వినబడింది. నాకు మొదలైంది కూడా అలాగే. కిటికీ దగ్గరికి పరిగెత్తాను. ఆమె గోడ పట్టుకుని వంగి ఉంది. అమ్మ వీపు రాస్తోంది.

"వదినా!" అని అరిచాను. "ఆస్పత్రికి వెళ్ళు. ఇప్పుడే వెళ్ళు. నీ సీసాల్లో కాచిన నీళ్ళు పొయ్యలేదు నేను. ఆ వారమంతా డ్రమ్ములోవే ముంచి పెట్టాను. కావాలనే చేశాను. నా చేతులతోనే."

అమ్మ మొహం కప్పుకుంది. నా వెనక మంచం మీద నాన్న లేచి కూర్చున్నాడు. "క్యా బోల్ రహీ హై?" అన్నాడు, అర్థమయ్యీ అర్థం కానట్టు. వదిన నోరు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మెల్లగా కిటికీ దగ్గరికి వచ్చింది. అన్ని రోజులూ పాటించిన నాలుగడుగుల దూరంలోనే ఆగింది.

"తెలుసు పాపా" అంది.

"ఏం తెలుసు?"

"మొదటి రోజే తెలిసిపోనాది. కాచిన నీళ్ళు పోస్తే సీసా యెచ్చగా ఉండాలి గదా. సల్లగుంది. నువ్వు బస్సెక్కినాక పారబోసీసి, మళ్ళీ కాచుకునీదాన్ని."

"రోజూనా? ఆ నడుముతో?"

"ఏటి సేస్తాను మరి."

"నన్ను అడగొచ్చు కదా!"

"అడిగితే నువ్వు లేదంటావు, అత్త నీ ఎనకాలే నిలబడతాది. మీ అన్నయ్య నీళ్ళ మీదున్నాడు. నేనెవరికి సెప్పుకుంటాను?" అంది. "ఈ ఇంట్లో ఎవరు పోసిన నీళ్ళూ నేను తాగలేదు పాపా. ఒక్క రోజు కూడా."

కోపంగా అనలేదు. కూర ఏం వండానో చెప్పినట్టు చెప్పింది. నాకు బతికాననిపించింది, గట్టిగా ఏడ్చేశాను. ఆ ఏడుపు తగ్గాక గాని ఆ మాట నా బుర్రకెక్కలేదు. నేను ఐదు వారాలు ఊచల వెనక ఉన్నందుకే పిచ్చెక్కుతోందనుకున్నాను. ఆమె ఏడాదిగా మా మధ్య, ఒక్క మనిషినీ నమ్మకుండా, పక్క గదిలో ఉంది. నమ్మి ఉంటే ఆ బిడ్డ ఏమయ్యేదో నాన్న పచ్చటి కళ్ళు చూస్తే తెలుస్తోంది.

అయినా పరీక్ష చేయించారు. ఆమె రక్తంలో ఏమీ లేదు. వాంతి ఎండు చేపల వాసనకట. మేమిద్దరం కోలుకున్నాం, గడియ తీశారు. డ్రమ్ముకి కింద కుళాయి పెట్టించాం, ఎవరి వేళ్ళూ లోపలికి పోకుండా. ప్రార్థన అమ్మల ఇళ్ళకి నేనే వెళ్ళి, డాక్టరు చెప్పిందంతా చెప్పి, కళ్ళు చూసుకోమన్నాను. వాళ్ళలో ఒకావిడకి వచ్చి తగ్గింది. అన్నయ్యకి విషయం నేనే చెప్పాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు, అది న్యాయమే.

వదినకి పోర్ట్ బ్లెయిర్‌లోనే కాన్పయింది, ఆడపిల్ల. ఇంటికొచ్చిన రోజు బిడ్డని ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుని, దాహంగా ఉందంది. అమ్మ కంటే ముందు నేను లేచాను. ఆమె చూస్తుండగానే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను. పొద్దున్న నేనే కాచి డ్రమ్ములో పోసిన నీళ్ళు కుళాయి తిప్పి గ్లాసులో పట్టి, గ్లాసు అడుగున పట్టుకుని ఆమెకి అందించాను. వదిన తీసుకుంది. నావైపు చూసి నవ్వింది, మంచి నవ్వే.

"ఉండనీ పాపా, పిల్లకి పాలు పట్టీసి తాగుతాను" అని గ్లాసుని గూట్లో పెట్టింది.

నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. పిల్ల పాలు తాగి నిద్రపోయింది. వదిన దాన్ని పక్కలో పడుకోబెట్టి, దుప్పటి సర్ది, నడుము పట్టుకుని మెల్లగా లేచి, నీళ్ళు కాచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది.